బొచ్చు కుక్కకు ఇంట్లోనే కటింగ్ చేయాలంటే

ప్రశ్న: మా షిట్జు చింటూకి 11 నెలలు. మొన్నమొన్నటి దాకా బొచ్చు చక్కగా జాలువారుతూ ఉండేది. రెండు నెలల నుంచి చెవుల వెనక, చంకల్లో ఉండలు కడుతోంది. స్నానం చేయిస్తే వదులవుతాయనుకున్నాను, ఇంకా గట్టిపడ్డాయి. కత్తెరతో కోసేద్దామని చూస్తే కుయ్యిమన్నాడు. అప్పటి నుంచి దువ్వెన కనిపిస్తే చాలు మంచం కింద దూరుతున్నాడు. పాదాలు ముట్టుకుంటే గుర్రుమంటాడు. గ్రూమర్ని అడిగితే మొత్తం గొరిగేయాల్సిందే అన్నారు. ఎండాకాలం వస్తోంది, గుండు చేయిస్తేనే వాడికి హాయి అంటారు మా అత్తయ్యగారు. నాకేమో నేర్చుకుని ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నేను మొదట చూసింది చింటూ వయసు. ఈ జాతి కుక్కలకు సుమారు ఎనిమిదో నెల నుంచి ఏడాది దాటే దాకా పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వస్తుంది. ఆ మారే రోజుల్లో రాత్రి శుభ్రంగా దువ్విన చోటే తెల్లారేసరికి ఉండ తగులుతుంది. మీరేదో అశ్రద్ధ చేశారని బాధపడకండి. షిట్జుకి పైన పొడుగు బొచ్చు, కింద మెత్తటి నూగు, ఇలా రెండు పొరలుంటాయి. ఊడిన వెంట్రుక నేల మీద పడకుండా పైబొచ్చులోనే ఇరుక్కుంటుంది. ఇల్లంతా వెంట్రుకలు రాలవట అని మురిసిపోయి ఈ కుక్కల్ని తెచ్చుకుంటాం. రాలని వెంట్రుక ఎటు పోతుందని మాత్రం ఎవరూ అడగరు! చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో, ఎక్కడ రాపిడి ఉంటే అక్కడ పోగై ముద్దవుతుంది. స్నానంతో ఉండలు గట్టిపడ్డాయంటే ఆశ్చర్యం లేదు. తడిసిన వెంట్రుకలు ఒకదానికొకటి పెనవేసుకుని, ఆరేటప్పుడు బిగుసుకుంటాయి. చిక్కంతా తీశాకే ఒంటి మీద నీళ్లు పోయాలి. ఈ ఒక్క వరస తప్పకపోతే సగం తలనొప్పి తగ్గుతుంది.

కటింగ్ నేర్చుకుంటానన్నారు, తప్పకుండా నేర్చుకోవచ్చు. కాకపోతే ఇంట్లో చేసే గ్రూమింగ్‌లో కత్తెర పని పిసరంతే, మిగతాదంతా దువ్వెన పని. అందుకే ఏ స్టైల్ బాగుంటుందని ఫోటోలు వెతికే ముందు, వారంలో నిజంగా ఎన్ని రోజులు కూర్చుని దువ్వగలరో లెక్క వేసుకోండి. రోజూ కుదురుతుందంటే రెండు మూడు అంగుళాలు పెంచుకోండి. రోజు విడిచి రోజైతే అంగుళం. వారానికి ఒకటి రెండుసార్లే అంటే అర అంగుళానికి మించనివ్వకండి. నేలను ఊడ్చే బొచ్చుతో ఫోటోల్లో మెరిసిపోయే కుక్కలు డాగ్ షోల కోసం తయారైనవి. వాటి బొచ్చు దువ్వి, పాయలుగా తీసి, చుట్టి కట్టి ఉంచడానికే ఒక మనిషి కావాలి. మనకెందుకు ఆ టెన్షన్?

ముందు ఇప్పుడున్న ఉండల సంగతి. ఒక్కో ఉండ కిందికి వేలికొస దూర్చి చూడండి. చర్మానికీ ఉండకీ మధ్య కాస్త విడి వెంట్రుకలు తగిలితే దాన్ని విడదీయొచ్చు. వేలు దూరే సందే లేకుండా బొచ్చంతా అట్టకట్టి చర్మానికి అంటుకుపోయి ఉంటే దువ్వి తీయాలన్న పంతం వద్దు. దాన్ని గ్రూమర్ చేతనో వెట్ డాక్టర్ చేతనో మెషీన్‌తో గొరిగించేయండి. అట్ట కింద చర్మానికి గాలాడదు, తడి నిలిచి ఎర్రగా పాచిపోయి ఉంటుంది, పైనుంచి మనకు తెలియదు. చెవుల మీద అట్ట తీయించినప్పుడు రెండు రోజులు కనిపెట్టి ఉండండి. ఒక్కసారిగా చెవి తేలికయ్యేసరికి కుక్కలు తల అదేపనిగా విదిలిస్తాయి, ఆ విదిలింపుకి చెవి రెక్కలో రక్తం చేరి ఉబ్బిపోవచ్చు. అలా ఉబ్బితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

కత్తెరతో ఉండను కోయడం మాత్రం ఇక మానేయండి. ఉండను పట్టుకుని లాగితే దాంతో పాటు చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుంది. కుక్క చర్మం మన చర్మం కన్నా పలచన. ఆ ముద్దలో బొచ్చు ఎక్కడ అయిపోయి చర్మం ఎక్కడ మొదలైందో చేతివాటం ఉన్నవాళ్లకే తెలియదు. గ్రూమింగ్ చేస్తూ చర్మం తెగి కుట్లు దాకా వెళ్లే కేసులు ఇలాగే జరుగుతుంటాయి. ఆ రోజు చింటూ కుయ్యిమన్న చోట బొచ్చు పాయ తీసి ఓసారి చూడండి. ఎర్రగా ఉన్నా, చెమ్మ కారుతున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

విడదీయగలిగిన ఉండను తీసే పద్ధతి ఇదీ. ఎడమచేతి రెండు వేళ్లతో ఉండకూ చర్మానికీ మధ్య కుదుళ్ల దగ్గర బిగించి పట్టుకోండి. కుడిచేత్తో ఎంత లాగినా ఆ లాగుడు మీ వేళ్ల దగ్గరే ఆగిపోవాలి, చర్మం దాకా పోకూడదు. ఉండ మీద కుక్కల కోసం అమ్మే, చిక్కు వదిలించే డీటాంగ్లింగ్ స్ప్రే కొట్టండి, లేకపోతే చిటికెడు కార్న్‌ఫ్లోర్ రుద్దండి. ముందు వేళ్లతోనే దాన్ని రెండుగా, ఆ రెండింటినీ నాలుగుగా విడదీయండి. తర్వాత దువ్వెన చివరి రెండు మూడు పళ్లతో కొసల దగ్గర మొదలుపెట్టి, కొసలు వదిలాక ఇంకాస్త లోపలికి, అలా కుదురు వైపు వెళ్లండి. రెండు నిమిషాల్లో లొంగని ఉండతో యుద్ధం చేయొద్దు, అది క్లిప్పర్‌తో, అంటే బొచ్చు గొరిగే మెషీన్‌తో, తీసేయాల్సిందే. అక్కడ బోడిగా కనిపిస్తుంది, కొన్ని వారాల్లో కలిసిపోతుంది.

మీ పరిస్థితిలో పొట్టిగా కత్తిరించడం వల్ల ఒక లాభం ఉంది. చిక్కులు లేని కొన్ని వారాలు చేతికొస్తాయి. ఆ వారాల్లో దువ్వెన అంటే ఉన్న భయం పోగొట్టొచ్చు. మంచం కింద నుంచి లాక్కొచ్చి దువ్వితే భయం ముదురుతుందే తప్ప తగ్గదు. దువ్వెనను నేల మీద పెట్టండి. వాడు దాన్ని చూస్తే ఇష్టమైన తిండి చిన్న ముక్క వేయండి. దగ్గరికొచ్చి వాసన చూస్తే ఇంకో ముక్క. మర్నాడు దువ్వెన వెనక వైపుతో భుజం మీద ఓసారి నిమిరి ముక్క పెట్టండి. ఆ తర్వాత పళ్లతో ఒక్క దువ్వు, అంతే, ఆట ముగించండి. వాడు లేచి వెళ్లిపోవాలనుకునే లోపే మీరే ఆపేయాలి, అందులోనే ఉంది కిటుకంతా. రోజుకి మూడు నాలుగు నిమిషాలు చాలు. క్లిప్పర్ కూడా ఇలాగే: ముందు ఆఫ్‌లో ఉంచి ఒంటికి ఆనించడం, తర్వాత గది అవతలి మూల ఆన్ చేసి ఇక్కడ తిండి పెట్టడం, ఆ శబ్దానికి చెవులు రిక్కించడం మానేశాక దాని వెనక భాగం ఒంటికి ఆనించి ఆ అదురు అలవాటు చేయడం. బ్లేడ్ బొచ్చును తాకేది అన్నిటికన్నా చివర.

వాడికి ఇబ్బందిగా ఉందని గుర్రుమనే దాకా ఎదురుచూడక్కర్లేదు. ఆకలి లేకుండా మూతి నాక్కోవడం, నిద్ర లేకుండా ఆవలించడం, మొహం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఒళ్లు బిర్రబిగించడం, ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. గుర్రుమంటే మాత్రం తిట్టకండి. గుర్రుమంటే తిట్లు పడతాయని నేర్చుకున్న కుక్క ఈసారి గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది.

పాదాల సంగతి విడిగా చూడాలి. చాలా కుక్కలకు పాదాలు ముట్టుకుంటే నచ్చదు, నిజమే. కానీ వేళ్ల సందుల్లో ఉండ కట్టినా, గడ్డి ముల్లు గుచ్చుకున్నా, పైన విడిగా ఉండే బొటనవేలి గోరు చుట్టు తిరిగి కండలోకి దిగినా ఇలాగే గుర్రుమంటాయి. ఈ గోరు నేలకు తగలదు కాబట్టి అరగదు, బొచ్చులో దాక్కుని పెరుగుతూనే ఉంటుంది. నొప్పి ఉన్న కుక్కకు తిండి ముక్కలతో అలవాటు చేయడం కుదరదు. గ్రూమర్ దగ్గరో డాక్టర్ దగ్గరో ముందు ఆ పాదాలు చూపించుకోండి.

కొనాల్సినవి ఎక్కువేం లేవు. సగం పళ్లు దూరంగా, సగం దగ్గరగా ఉండే స్టీలు దువ్వెన. సన్న తీగల పళ్లుండే చిన్న స్లికర్ బ్రష్, మెత్తరకం. బ్లేడ్ మార్చుకోగలిగే డాగ్ క్లిప్పర్, దానికి పొడుగు తగ్గించి పెంచే కోంబ్ క్యాప్‌లు. కొస గుండ్రంగా ఉండే చిన్న కత్తెర. నెయిల్ కట్టర్, రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్. బల్ల మీద పరచడానికి జారని రబ్బరు మ్యాట్. డబ్బు పెట్టదలిస్తే దువ్వెన మీద, క్లిప్పర్ మీద పెట్టండి. పది రకాల బ్రష్‌లున్న సెట్ జోలికి పోవద్దు, తొమ్మిది అలమరాలో పడి ఉంటాయి. మగవాళ్ల గడ్డం ట్రిమ్మర్‌తో కానిచ్చేద్దామని కూడా అనుకోకండి. ఇంత దట్టమైన బొచ్చులో అది కోయకుండా ఇరుక్కుని పీకుతుంది, అలవాటు చేసిన రోజులన్నీ వృథా అవుతాయి. బొచ్చు రాల్చే కుక్కలకు వాడే రేక్‌లు, డీషెడ్డింగ్ బ్లేడ్లు కూడా షిట్జుకి వద్దు.

ఇక దువ్వడం. దాదాపు అందరూ పైపైన దువ్వుతారు. బ్రష్ పైన జారిపోతూ ఉంటుంది, బొచ్చు మెరుస్తుంది, రోజూ దువ్వుతున్నామనే అనుకుంటాం. లోపల కుదుళ్ల దగ్గర మాత్రం ఉండలు అలాగే పెరుగుతుంటాయి. వాణ్ని పక్కకు పడుకోబెట్టి కాలి కింద నుంచి మొదలుపెట్టండి. ఎడమచేత్తో బొచ్చంతా పైకెత్తి పట్టుకుని అడుగున సన్నటి వరస ఒక్కటే కిందికి వదలండి. ఆ వరస పైన పాపిడిలా చర్మం గీత కనిపించాలి. కనిపిస్తే మీరు సరిగ్గా చేస్తున్నట్టే. ఆ వరసను బ్రష్‌తో కిందికి దువ్వి, ఇంకో వరస వదిలి దువ్వుతూ వీపు దాకా పోండి. చివర్లో స్టీలు దువ్వెన దగ్గరి పళ్లను చర్మం దాకా దించి కొస దాకా లాగండి. ఎక్కడా ఆగకుండా వస్తే ఆ భాగం అయినట్టు. ఆగితే అక్కడ ఉండ పుడుతోందని అర్థం, ఇప్పుడైతే నిమిషంలో పోతుంది. స్లికర్ బ్రష్‌ని నొక్కిపెట్టి ఒకేచోట పదేపదే గీయొద్దు, చర్మం కమిలిపోతుంది. ఎంత బరువు వేస్తున్నారో తెలియాలంటే మీ ముంజేయి లోపలి వైపు ఓసారి గీసుకుని చూడండి.

స్నానం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూడు నాలుగు వారాలకోసారి సరిపోతుంది, మురికైతే ఇంకాస్త ముందు. గోరువెచ్చటి నీళ్లు, కుక్కల షాంపూ వాడండి. కుక్క చర్మానికి మన చర్మానికున్నంత ఆమ్లగుణం ఉండదు, అందుకే మన షాంపూ దానికి పడదు. టీ ట్రీ ఆయిల్ వాసనకు మంచిదని ఎవరైనా చెబితే వినకండి, అది కుక్కలకు విషం. షాంపూ జిడ్డు మిగలకుండా కడిగి, మొహం మాత్రం తడిగుడ్డతో తుడవండి. తువ్వాలుతో రుద్దితే మళ్లీ చిక్కే, ఒత్తి నీరు పిండండి. డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, దువ్వుతూ పూర్తిగా ఆరబెట్టండి. చప్పిడి మూతి కుక్కలు వేడికి త్వరగా ఆయాసపడతాయి. ఎగశ్వాస మొదలైతే డ్రయ్యర్ ఆపేయండి.

కటింగ్ ఎప్పుడూ కడిగి, ఆరి, దువ్విన బొచ్చు మీదే. అంతా ఒకేరోజు అయిపోవాలని రూలేం లేదు. ఇవాళ వీపు, రేపు కాళ్లు, ఎల్లుండి మొహం. మధ్యలో రెండు రోజులు వింతగా కనిపిస్తే వాడికేం నామోషీ లేదు. బల్ల మీద ఉన్నంతసేపూ ఒక చెయ్యి వాడి మీదే ఉండాలి. కదలకుండా ఉంటాడని మెడకు తాడు కట్టి వదిలి వెళ్లడం ప్రాణం మీదికి తెస్తుంది.

బ్లేడ్ మీద నంబర్ పెరిగేకొద్దీ మిగిలే బొచ్చు తగ్గుతుంది. 10 నంబర్ సుమారు 1.5 మిల్లీమీటర్లు, 7ఎఫ్ సుమారు 3, 4ఎఫ్ సుమారు 9.5 మిల్లీమీటర్లు ఉంచుతుంది. 7, 5, 4 లాంటి నంబర్లలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎఫ్ అక్షరం ఉన్నవే తీసుకోవాలి. ఆ నంబర్లలో ఎఫ్ లేని వాటికి పళ్ల మధ్య సందులు పెద్దవి, చర్మం అందులోకి పోతుంది. అంగుళం, అర అంగుళం కావాలంటే బ్లేడ్ మీద కోంబ్ క్యాప్ తగిలించుకోండి, మొదటిసారికి అదే మేలు. మెడ నుంచి తోక వైపు, వీపు నుంచి కిందికి, బొచ్చు వాలిన వైపే నడపాలి. ఎదురు నడిపితే అనుకున్నదానికన్నా పొట్టిగా తెగుతుంది. చంకల్లో, తొడ ముందరి మడతలో చర్మం వేలాడుతూ ఉంటుంది. రెండో చేత్తో సాగదీసి పట్టుకుంటే తప్ప అక్కడ బ్లేడ్ పెట్టకండి. పొట్ట మీద చనుమొనలు మగకుక్కకూ ఉంటాయి, ముందే తడిమి ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. బ్లేడ్ కొద్ది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. ఆపి ఆపి మణికట్టు లోపలి వైపు ఆనించి చూస్తుండండి. మీకు చురుక్కుమంటే వాడికి కాలుతోందన్నమాటే.

మొహం ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చేయండి. షిట్జు కళ్లు బయటికి ఉబికి ఉంటాయి, వాటిని కాచే ఎముక గూడు లోతు తక్కువ. మెడ వెనక తోలు పట్టుకుని వెనక్కి లాగితే కనుగుడ్డు బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. గడ్డం కింద జుట్టును మెల్లగా పట్టుకుంటే చాలు, తల నిలుస్తుంది. కత్తెర మొన ఏ క్షణంలోనూ కంటి వైపు చూడకూడదు. ముక్కు పైన, కళ్ల మధ్య ఉండే జుట్టుతో ఒక చిక్కుంది. ఒకసారి కత్తిరిస్తే మళ్లీ పెరిగేటప్పుడు పొట్టి వెంట్రుకలు నిక్కి కంట్లో గుచ్చుకుంటాయి. కాబట్టి అక్కడ క్రమం తప్పకుండా పొట్టిగా ఉంచుతారో, పూర్తిగా పెంచి పక్కలకు వాలనిస్తారో ముందే తేల్చుకోండి. చెవి కొసలు కత్తిరించేటప్పుడు ముందు చెవి అంచు ఎక్కడుందో వేళ్లతో పట్టుకుని, ఆ వేళ్ల బయటి బొచ్చునే కోయండి. చెవి లోపలి వెంట్రుకలు డాక్టర్ చెబితే తప్ప పీకొద్దు.

పాదం అడుగున మెత్తల మధ్య బొచ్చు పెరిగితే నున్నటి నేల మీద కాళ్లు జారతాయి. మెత్తలతో సమంగా ఉండేలా పైపైన కోయండి, సందుల్లోకి కత్తెర దించొద్దు. మలద్వారం చుట్టూ మెషీన్‌తో పొట్టిగా చేస్తే రోజూ కడిగే బాధ తప్పుతుంది. గోళ్లు రెండు మూడు వారాలకోసారి. తెల్ల గోరులో లేత ఎరుపు కండ బయటికే కనిపిస్తుంది, దాని ముందే ఆపండి. నల్ల గోరైతే పలచటి పెచ్చులుగా కోస్తూ ప్రతిసారీ కోసిన ముఖం చూడండి, మధ్యలో నల్లటి చుక్క తేలగానే ఆగాలి. పొరపాటున రక్తం వస్తే స్టిప్టిక్ పౌడర్ అద్ది, కాసేపు వదలకుండా నొక్కి పట్టండి. పౌడర్ లేకపోతే ఆ పూటకి కార్న్‌ఫ్లోర్ పనికొస్తుంది. అరుస్తున్నాడని మన ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఎంత చిన్న ముక్కైనా వేయకండి. మనుషులు వాడే మాత్రలు కుక్కల ప్రాణం తీయగలవు.

ఇక మీ అత్తయ్యగారి గుండు సంగతి. ఆవిడ అనేది వాడి సుఖం కోరే, కానీ చర్మం కనిపించేలా గొరిగితే ఎండకు ఒళ్లు కమిలిపోతుంది. పైగా కుక్కలు మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడవు, ఎక్కువగా వగరుస్తూ నోటి దారినే వేడి బయటికి పంపుతాయి. కాబట్టి బోడి ఒంటితో అనుకున్నంత హాయి దొరకదు. అర అంగుళం నుంచి అంగుళం దాకా ఉంచి, పొట్ట కింద మాత్రం ఇంకాస్త పొట్టిగా తీయిస్తే ఆవిడ మాటా దక్కుతుంది, వాడి ఒళ్లూ చల్లగా ఉంటుంది. చల్లటి నేల మీద పడుకున్నప్పుడు వేడి పోయేది పొట్ట నుంచే. అట్టకట్టిన చోట్ల మాత్రం గొరిగించక తప్పదు, అక్కడ బొచ్చు పెరిగే దాకా మిట్టమధ్యాహ్నం ఎండలోకి తిప్పకండి. ఒకవేళ మీ చుట్టాల్లో ఎవరికైనా పొమరేనియన్ ఉంటే ఈ సలహా దానికి వర్తించదు. దాన్ని గొరిగితే బొచ్చు నెలల తరబడి సరిగ్గా రాకపోవచ్చు.

గ్రూమర్‌తో మీకు ఈ ఒక్కసారికి పని ఉంది, వెళ్లండి. "అట్టకట్టిన చోట్ల 10 నంబర్, మిగతా ఒంటికి అర అంగుళం కోంబ్, మొహం, తోక దువ్వి వదిలేయండి" అని అంకెలతో చెప్పండి. ఊరికే పొట్టిగా చేయమంటే ఎవరి పొట్టి వాళ్లకుంటుంది. వీలైతే పక్కన నిలబడి చూస్తానని అడగండి, చంకల్లో చర్మం ఎలా సాగదీసి పట్టుకుంటున్నారో ఒక్కసారి కళ్లారా చూస్తే నేను రాసినదానికన్నా బాగా అర్థమవుతుంది. తీసిన చోట చర్మం ఎర్రగా, పుండుగా ఉన్నా, చెవిలోంచి వాసన వస్తున్నా, కన్ను మూసుకుని తెరవకపోయినా అటు నుంచి అటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏమీ లేకపోతే ఇంటికి రాగానే దువ్వెన నేల మీద పెట్టి, తిండి ముక్కల డబ్బా దగ్గర పెట్టుకోండి.